కొల్లేటి నాడి చూచువారెవరు?

కృష్ణా గోదావరీ డెల్టాల నడుమనున్న కొల్లేరు 1999లో అభయారణ్యమైనది. 2002లో రామ్‌సర్ పట్టిక కెక్కినది. 2006లో చేపలచెరువుల గట్లు తెగినవి. ఇంతమాత్రమున సరస్సు కోలుకొన్నదా యని మేమడుగుచున్నాము. దీనికి ప్రత్యుత్తరము ఉపన్యాసములవలన రాదు; నిజమైన లెక్కలవలన రావలెను.

మత్స్యాదుల మనుగడకు లీటరు నీటిలో ప్రాణవాయువు 4 మిల్లీగ్రాములకు తక్కువ కారాదని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణము. నాచు పగటియెండలో ప్రాణవాయువును విడుచును. రాత్రియెల్ల దానినే పీల్చును. కావున అది మిక్కిలి క్షీణించునది తెల్లవారుజామున. మధ్యాహ్నమున ఒక్కచోట సీసా నింపి "నీరు క్షేమము" అని వ్రాయుట వట్టి వంచన. సగటు చూపి సంతోషించుటయు నట్టిదే. ఒకచోట 8, వేరొకచోట 2 ఉన్నచో సగటు 5 అగును. కాని ఆ రెండవచోటి చేప సగటును పీల్చి బ్రతుకునా?

బుడమేరు, తమ్మిలేరు కలియుచోట్లను, ఉప్పుటేటి మొదటను, చీట్లువేసి యెన్నిన యితర స్థలములను, అన్ని ఋతువులయందును, వేకువనే కొలువవలెను. ప్రతి కొలతయు తెలుగున వ్రాసి లంకగ్రామములలో ప్రకటింపవలెను. లెక్క చూపక నమ్ముమనుట ప్రజల నవమానించుట. సోదరులారా, లెక్క యడుగుడు!