తాడు పైకి బాగానే కనబడుతుంది

పటేల్‌గూడ, బీరంగూడ ప్రాంతాలలో లేస్తున్న మేడలకు బయటి గోడల రంగులు వేసేవారు పరంజా లేకుండా తాళ్లపై వేలాడి పనిచేయడం నేడు సాధారణమైంది. గీత కార్మికులకోసం ప్రభుత్వం 2024 జూలై 14న లష్కర్‌గూడలో ప్రారంభించిన కాటమయ్య రక్షణ కవచం కూడా ఈ కోవలోనిదే. భువనగిరి గుట్టపై శిక్షణ పొంది 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్‌కుమార్‌లు నమ్ముకున్నదీ ఇటువంటి తాడు, నడికట్టు, కొక్కేలనే.

సామగ్రి వచ్చింది. దానిని కాపాడే పద్ధతి ఇంకా రాలేదు.

పాతకాలపు మోకు పాడైతే చేతికి తెలిసేది. పీచు లేచేది, పోగు తెగేది. నైలాన్ తాడు అలా చెప్పదు. దానికి పెద్ద శత్రువు యాసిడ్. పటాన్‌చెరు చుట్టుపక్కల దానికి కొదవలేదు కదా! కొత్త ఇంటి టైల్స్ కడిగేది యాసిడ్‌తోనే. ట్రాలీ ఆటోలో తాడుచుట్ట పక్కనే పాత బ్యాటరీ. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పీపాలో ఏముండేదో ఎవరికీ తెలియదు, తాడు మాత్రం అందులోనే. యాసిడ్ ఆవిరి తగిలినా చాలు, రంగు మారకుండానే తాడు బలం పోవచ్చు. అందుకే పర్వతారోహకులు అనుమానం వస్తే ఆ తాడును ముక్కలుగా కోసి పారేస్తారు. ఊరికే పారేస్తే మరొకరు ఏరుకుని వాడతారని వారి భయం.

మట్టి పట్టిన తాడును మంచినీటితో కడిగి నీడలో ఆరవేయాలి. పిట్టగోడ అంచున తాడు కింద గోనెసంచి మడతపెట్టాలి. కొక్కెంపై 22 అని ఉంటే సుమారు 2,200 కిలోలకు ఓర్చగలదని అర్థం. అయితే అది నిలువునా లాగినపుడు, మూత బిగించి ఉన్నపుడు మాత్రమే. అడ్డంగా లాగితే ఆ బలంలో మూడోవంతు మిగలడమే గొప్ప. కూర్చునే తాడు ఒకటి, ప్రాణానికి వేరే తాడు ఒకటి ఉండితీరాలి. తాడు కొన్న తేదీ పుస్తకంలో రాసి ఉంచాలి. అసలు వాడకపోయినా నైలాన్ సామగ్రిని పదేళ్లకు మించి నమ్మరాదని తయారీదారులే చెబుతారు.

ఇవన్నీ కూలీకి చెప్పడం సులభం. అనుమానం వచ్చిన తాడును పారవేస్తే కొత్తది కొనేదెవరు? ఆ ఖర్చు కూలీ డబ్బులో కోస్తే ఏ కార్మికుడూ తాడు పాడైందని నోరు విప్పడు. మేస్త్రీ, కాంట్రాక్టరు, ఇంటి యజమాని ముగ్గురూ పని ఒప్పుకునే రోజే ఈ లెక్క తేల్చుకోవలసి ఉంది.