విందు ఎవరిది, బిల్లు ఎవరిది?

ఐర్లండ్‌లో అద్దె ఇల్లు వెతికిన మనలో చాలామందికి ఒక మాట తగిలే ఉంటుంది: "మీరంతా వచ్చాకే మాకు ఇళ్ళు దొరకడం లేదు" అని. కొందరు నవ్వుతూ అంటారు, కొందరు మొహం మీదే అంటారు. "మేం టాక్స్ కట్టడం లేదా?" అని మనం గొణుక్కుంటాం. నా ఉద్దేశంలో అది సరైన జవాబు కాదు. సరైన జవాబు 2008లో ఉంది.

1990ల మధ్య నుంచి 2007 దాకా ఈ దేశాన్ని "కెల్టిక్ టైగర్" అన్నారు. మొదట్లో వచ్చింది నిజమైన సంపదే. ఫ్యాక్టరీలు, మందుల కంపెనీలు, ఎగుమతులు. 2000 దాటాక మాత్రం కథ ఇళ్ళ మీదకి, అప్పుల మీదకి మళ్ళింది. 42 లక్షల జనాభా ఉన్న దేశంలో 2006 ఒక్క ఏడాదే 90 వేల దాకా ఇళ్ళు కట్టారు. మన పెద్దవాళ్ళు చెప్పే అప్పు చేసి పప్పు కూడు అదే.

2008 సెప్టెంబర్ చివర్లో బ్యాంకులు మునిగిపోతుంటే, వాటి అప్పులకు ప్రభుత్వం పూచీ పడింది. ఆ బరువు మోయలేక 2010లో యూరోపియన్ యూనియన్, ఐఎంఎఫ్‌ల దగ్గర చెయ్యి చాచింది. 85 బిలియన్ యూరోల ప్యాకేజీ అది. ఇళ్ళ ధరలు సగానికి పడిపోయాయి. నిరుద్యోగం 15 శాతం దాకా వెళ్ళింది. అప్పటి ఆర్థికమంత్రి బ్రయన్ లెనిహన్ టీవీలో "మనమందరం పార్టీ చేసుకున్నాం" అన్నారు.

అందరూ చేసుకోలేదండీ. బిల్లు మాత్రం అందరి మీదా పడింది. కనీస వేతనం గంటకు 8.65 యూరోల నుంచి 7.65కి తగ్గించారు (కొన్ని నెలలకే మళ్ళీ పెంచారనుకోండి). 2009లో ప్రభుత్వ ఆసుపత్రుల్లో కొత్త నియామకాలు ఆపేశారు. 2011 నుంచి కొత్తగా చేరే టీచర్లకు, నర్సులకు జీతంలో 10 శాతం కోత. ఆ రోజుల్లో మా వార్డులో కేక్ కోశామంటే ఎవరో ఒక ఐరిష్ పిల్ల పెర్త్‌కో, టొరంటోకో వెళ్ళిపోతోందని అర్థం. పల్లెల్లో జీఏఏ క్లబ్బులకు ఆడే కుర్రాళ్ళే కరువయ్యారు. తల్లులు స్కైప్ నేర్చుకుని మనవళ్ళను తెర మీద చూసుకున్నారు. గుంటూరులో, కరీంనగర్‌లో మన అమ్మలు చేసేదీ అదే కదా! అందుకే, "వీళ్ళు సోమరులు, అందుకే మునిగారు" అని మన గెట్‌టుగెదర్లలో ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

డబ్బుతో పాటు నమ్మకం కూడా పోయింది. దశాబ్దాలు ఏలిన ఫియనా ఫాల్ పార్టీ 2011 ఎన్నికల్లో 20 సీట్లకు పడిపోయింది. చర్చి సంస్థల్లో పిల్లలపై జరిగిన అకృత్యాల రిపోర్టులు 2009లోనే బయటికొచ్చాయి. బ్యాంకు, పార్టీ, చర్చి అన్నీ ఒకేసారి మాట పోగొట్టుకున్నాయి. ఇంత జరిగినా, ఆ ఏళ్ళలో మనలాంటి పరాయివాళ్ళ మీద ద్వేషంతో ఇక్కడ ఒక పెద్ద పార్టీ పుట్టలేదు. అది ఈ సమాజం గొప్పతనం. మనం మర్చిపోకూడదు.

అసలు దెబ్బ ఆలస్యంగా తగిలింది. బిల్డర్లు దివాలా తీశారు, మేస్త్రీలు దేశం వదిలారు, కౌన్సిళ్ళకు డబ్బు లేక ఇళ్ళు కట్టడం దాదాపు మానేశాయి. 2010లో సగంలో ఆగిన కాలనీలే 2,800కు పైగా ఉన్నాయి. 2013లో కట్టిన కొత్త ఇళ్ళు పది వేలు కూడా లేవు. తర్వాత ఉద్యోగాలు తిరిగొచ్చాయి, వెళ్ళిన పిల్లలు కొందరు తిరిగొచ్చారు, మనమూ వచ్చాం. ఇళ్ళు మాత్రం రాలేదు. ఇవాళ్టి అద్దెల వెనక పెద్ద కారణం ఆ ఖాళీ సంవత్సరాలు. ఆ కోపమే 2023 నవంబర్‌లో డబ్లిన్ వీధుల్లో మంటలకు ఆజ్యం పోసింది. 2025 వేసవిలో మనవాళ్ళ మీద దాడులు జరిగితే భారత రాయబార కార్యాలయం జాగ్రత్తలు చెప్పాల్సి వచ్చింది. దాడులకు ఏ సాకూ లేదు. కానీ సిడ్నీ నుంచి తిరిగొచ్చి పుట్టింటి చిన్నగదిలో సర్దుకుంటున్న ఐరిష్ నర్సుదీ, ఒక ఇంట్లో మూడు కుటుంబాలుగా ఉంటున్న మనదీ ఒకే బాధ. ఆ మాట ఆమెకు మనమే చెప్పాలి.

చెప్పడంతో పాటు చెయ్యగలిగింది ఒకటుంది. స్థానిక ఎన్నికల్లో ఓటు వెయ్యడానికి ఇక్కడ పౌరసత్వం అక్కర్లేదు. 18 ఏళ్ళు నిండి, ఇక్కడ నివసిస్తూ, ఓటర్ల జాబితాలో పేరుంటే చాలు. పీపీఎస్ నంబర్, ఎయిర్‌కోడ్ దగ్గర పెట్టుకుంటే ఆన్‌లైన్‌లో కాసేపట్లో అయిపోయే పని. ఏ పొలంలో ఇళ్ళు కట్టొచ్చో తేల్చే ప్లాన్‌ను ఆమోదించేది ఆ కౌన్సిలర్లే. వచ్చే ఎన్నికలు 2029లో. అయినా జాబితాలో పేరున్న వీధికీ, లేని వీధికీ కౌన్సిలర్ ఇచ్చే మర్యాద ఒకేలా ఉండదు. మన ఊళ్ళల్లో చూసిందేగా!

"నాలుగేళ్ళుండి ఆస్ట్రేలియా వెళ్ళిపోతాం, మనకెందుకు ఈ గొడవ?" అనే అక్కలున్నారు. వెళ్ళేదాకా ఉండేది ఈ వీధిలోనే, పిల్లలు వెళ్ళేది ఈ బడికే. ఈ వారం మీ పేరు, మీవారి పేరు నమోదు చేసుకోండి. పక్కింటి ఐరిష్ ఆవిడతో టీ తాగుతూ, 2010లో వాళ్ళింట్లో ఎవరు దేశం దాటి వెళ్ళారో అడగండి. ఆవిడ చెప్పేది మనకు కొత్తగా అనిపించదు.