తప్పు క్రుష్చేవ్‌దేనట!

షెర్మన్ కెంట్‌ని ఇంటెలిజెన్స్ విశ్లేషణకు పితామహుడంటారు. యేల్‌లో చరిత్ర చెప్పిన ఈ ప్రొఫెసర్ సీఐఏలో అంచనాల విభాగానికి పెద్ద అయ్యాడు. 'కొట్టిపారేయలేని అవకాశం' లాంటి మాటని సొంత సహోద్యోగులే 20 నుంచి 80 శాతం దాకా తలో రకంగా అర్థం చేసుకున్నారని గమనించి, మాటకో అంకె ఉండాలన్నాడు. ఆ కెంట్ అంటే నాకు గౌరవమే.

నా పేచీ 1964 నాటి కెంట్‌తో. 1962 సెప్టెంబర్‌లో ఆయన విభాగం, సోవియట్లు క్యూబాలో క్షిపణులు పెట్టకపోవచ్చని రాసిచ్చింది. అప్పటికే అవి అక్కడ దిగుతున్నాయి. రెండేళ్ళకి ఆయన సంజాయిషీ: మా తర్కం సరైందే, లెక్క తప్పింది క్రుష్చేవే!

మా సాఫ్ట్‌వేర్‌లోనూ అంటుంటాం, కోడ్ బాగానే ఉంది, యూజరే తప్పు నొక్కాడని. కానీ ఎదుటివాడు ఎక్కడ తప్పు నొక్కుతాడో ఊహించడమే కదా కెంట్ ఉద్యోగం! సీఐఏ తన శిక్షణ బడికి ఆయన పేరే పెట్టుకుంది. అక్కడ మొదటి పాఠం ఆ సంజాయిషీయే కావాలి.