సైలెన్సర్ పైసలు ఇచ్చిందెవరు?

మా ఆడబిడ్డ కొడుకు కాలిఫోర్నియాలో ఉంటాడు. వాడికి కార్ల పిచ్చి. ఏడాదికి ఒకటి రెండుసార్లు తన స్పోర్ట్స్ కారు తీసుకుని మాంటెరీ దగ్గరున్న లగూనా సెకా రేస్ ట్రాక్‌కు పోతాడు. పైసలు కట్టి, హెల్మెట్ పెట్టుకుని, సొంత కారును కోరిక తీరా ఉరికించుకునే రోజులవి. వాటిని ట్రాక్ డే అంటారట. మొన్న ఫోన్ చేసి ఒకటే బాధ: "అత్తా, 90 డెసిబుల్స్ దాటిందని నన్ను ట్రాక్ మీదికెళ్లి బయటికి పిలిచిన్రు."

రేసుల కోసమే కట్టిన చోటు అది. 1957 నుంచి అక్కడ రేసులు జరుగుతున్నాయి. అలాంటి చోట కూడా మామూలు రోజుల్లో ట్రాక్ పక్కన 50 అడుగుల దూరంలో యంత్రం పెట్టి, వచ్చిపోయే ప్రతి కారు శబ్దాన్ని కొలుస్తారు. హద్దు దాటితే మళ్లీ సరిచేసుకుని రావాలి. చుట్టుపక్కల కొండల మీద ఇళ్లున్నాయి మరి. అందుకని మావాడి లాంటివాళ్లు పొగగొట్టం లోపల అదనంగా బ్యాఫిల్ దూరుస్తారు, మైకు లేని వైపుకు గొట్టం మూతి తిప్పుకుంటారు. ఇంగ్లండులోనైతే చాలా ట్రాకుల్లో లోపలికి పోకముందే పరీక్ష. ఇంజన్‌ను ముప్పావు వంతు వేగంతో తిప్పి, గొట్టానికి అర మీటరు దూరంలో, 45 డిగ్రీల కోణంలో మీటరు పట్టి చూస్తారు.

ఇక మన కరీంనగర్‌కు రండి. ముకరంపుర, మంకమ్మతోట, కోర్టు చౌరస్తా, ఎక్కడైనా సరే, రాత్రి తొమ్మిది దాటినాక కిటికీ తెరిచి కూర్చోండి. కంపెనీ ఇచ్చిన సైలెన్సర్ పీకేసి, ఖాళీ గొట్టం లాంటిది బిగించుకున్న బండి పోతుంటే అద్దాలు గలగలమంటాయి. కొన్నైతే తుపాకి పేలినట్టు పటపటమంటాయి. మానేరు మీద కేబుల్ బ్రిడ్జికి సాయంత్రం పిల్లల్ని తీసుకుపోతే ఆ చప్పుడుకు చంకలో బిడ్డ ఉలిక్కిపడి ఏడుస్తుంది. సివిల్ హాస్పిటల్ రోడ్డనీ లేదు, ఇంటర్ పరీక్షల కాలమనీ లేదు.

చట్టం లేక కాదు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్ల మధ్య పగలు 55, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా 45 డెసిబుల్స్ హద్దు. దవాఖానలు, బడులు, కోర్టుల చుట్టూ వంద మీటర్ల దాకా నిశ్శబ్ద ప్రాంతంగా పెట్టాలి, అక్కడ హద్దు ఇంకా తక్కువ. 175 సీసీ దాటిన మోటారు సైకిల్ కూడా ఏడున్నర మీటర్ల దూరంలో 80 డెసిబుల్స్ దాటకూడదనే లెక్కతోనే కంపెనీ నుంచి బయటికి వస్తుంది. దాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. శబ్దం హద్దు దాటితే 190వ సెక్షన్ ఉంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క. డెసిబుల్ అంటే కూరగాయల తూకం కాదు. పది పెరిగితే శబ్దం కొంచెం పెరిగినట్టు కాదు, ధ్వని శక్తి పది రెట్లయినట్టు. 80 చప్పుడు చేసే బండ్లు పదింటిని మీ గుమ్మం ముందు ఒకేసారి తిప్పితే ఎంతో, 90 చేసే బండి ఒక్కటి అంత. మా వాడకట్టులో అట్లాంటివి రోజూ ఆరేడు పోతాయి.

"పోరగాళ్లు గదా, గీ వయసుల గట్లనే ఉంటరు" అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ వయసు పిల్లవాడి దగ్గర సొంత సంపాదన ఎక్కడిది? బండి కొనిచ్చిందెవరు? మా అన్న కొడుకు డిగ్రీలో చేరగానే బండి కావాలన్నాడు, కొన్నారు. నెల తిరగకుండా సైలెన్సర్ మార్చాలన్నాడు. మా వదిన పోపుల డబ్బాలో దాచిన పైసలు తీసి ఇచ్చింది. ఎందుకిచ్చినవ్ వదినా అంటే, "ఇయ్యకపోతే రెండు దినాలు అన్నం తినలే, ఏం జెయ్యాలె" అంది. పక్కింటి ముసలాయన గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చి మంచం మీద ఉన్నాడని ఆమెకూ తెలుసు. రోజూ పాలకు పోతూ ఆయన్ను పలకరిస్తుంది కూడా.

బండి తోలేవాళ్లు చెప్పే సాకు ఇంకొకటి ఉంది. చప్పుడు వస్తేనే లారీవాడు చూసుకుంటాడట, ప్రాణరక్షణట! గొట్టం మూతి వెనక్కి ఉంటుంది నాయనా. నీ చప్పుడు ముందు పోయే లారీ కన్నా నువ్వు దాటొచ్చిన ఇళ్లకే ఎక్కువ వినబడుతుంది. ముందువాడికి వినిపించడానికి హారన్ ఉంది. తలకు హెల్మెట్ లేనివాడు ప్రాణరక్షణ గురించి మాట్లాడితే వినేవాళ్లకు నవ్వు రాదా?

పోనీ, వేగం మోజు అందామా? 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది. అన్నీ కరెంటు కార్లే. ఫ్రాన్సు ఆయన జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. గంటకు 200 కిలోమీటర్లు దాటి ఉరికే ఆ కార్లు చేసిన చప్పుడు పెట్రోలు రేసు కార్ల రొద ముందు ఏపాటిది? వేగానికీ గోలకూ లంకె లేదని ఇంతకన్నా ఎట్లా చూపిస్తారు? మనవాళ్లకు కావలసింది వేగం కాదు, పదిమంది తల తిప్పి చూడడం.

"మరి బరాతుల డీజేలో?" అని ఎవరో అడుగుతారు. అవీ తప్పే. వాటి మీద ఇంకోరోజు రాస్తాను, అప్పుడు మీ ఇంటి పెళ్లి గుర్తుచేస్తే కోపం రావద్దు. కానీ డీజే ఒక రాత్రి ఒక గల్లీలో మోగుతుంది. ఈ బండి రోజూ ఊరంతా తిరుగుతుంది.

పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లను వరసగా పరిచి రోడ్ రోలర్‌తో తొక్కించడం మన రాష్ట్రంలో చాలాసార్లు చూశాం. ఫొటోలు బాగుంటాయి. తొక్కించినదాని బదులు ఇంకొకటి కొనుక్కోవడానికి ఒక పూట చాలు. ముందు పోవలసింది అమ్మే కొట్టుకు, బిగించే షెడ్డుకు. ఆ తర్వాత, నన్నడిగితే, బండి ఎవరి పేరు మీదుందో ఆ తండ్రిని స్టేషన్‌కు పిలవాలి. పద్దెనిమిది నిండని పిల్లవాడు బండి నడిపి పట్టుబడితే తండ్రి మీదే కేసు పెట్టవచ్చని 2019 సవరణలో 199ఏ సెక్షన్ తెచ్చారు, 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. పంతొమ్మిదేళ్ల వాడికి అది వర్తించదు, నిజమే. పంతొమ్మిదేళ్ల వాడి బండికి పెట్రోలు పోయించేది మాత్రం ఇంకా నాన్నే.

మా వదిన ఇది చదువుతుందని తెలుసు. వదినా, కంపెనీ సైలెన్సర్ మీ మెట్ల కింద గోనెసంచిలో చుట్టి ఉంది, మొన్న చీపురు కోసం వంగితే కనబడింది. మళ్లీ బిగించడానికి గంట కూడా పట్టదట, షెడ్డులో అడిగి వచ్చాను. ఆ పైసలు నేనే ఇస్తాను.