తిట్టు పాటకు హద్దు

2025 అక్టోబరు 9వ తేదీన న్యూయార్కు నగరంలోని ఫెడరల్ న్యాయస్థానం ఒక విచిత్రమైన ప్రశ్నకు సమాధానం చెప్పవలసి వచ్చినది. ఒక గాయకుడు తన పాటలో మరొక గాయకుని ఘోరమైన నేరం అంటగట్టి నిందించినాడు. ఆ పాటను లోకమంతా విన్నది. వేలాది జనం కూడిన సభలలో శ్రోతలే గొంతు కలిపి పాడినారు. నిందకు గురియైనవాడు తన పరువుకు భంగం కలిగినదని దావా వేసినాడు. తిట్టు పాటలో పలికిన మాట వాస్తవ కథనమా, లేక కవిత్వమా? కవిత్వమే అయినచో దానికి హద్దు ఉన్నదా, లేదా? ఈ ప్రశ్న అలంకారశాస్త్రంలో పుట్టవలసినది; కాని న్యాయమూర్తి జీనెట్ వార్గస్ ముందుకు వచ్చి నిలిచినది.

నిందించినవాడు కెండ్రిక్ లమార్. లాస్ ఏంజిలిస్ చెంతనున్న కాంప్టన్ పట్టణంలో 1987లో జన్మించిన నల్లజాతి కవిగాయకుడు. 2018లో ఆయన పాటల సంపుటికి పులిట్జర్ సంగీత బహుమానం లభించినది. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతానికీ, జాజ్ సంగీతానికీ వెలుపల ఉన్న కృతికి ఆ గౌరవం దక్కడం అదే మొదలు. నిందకు గురియైనవాడు డ్రేక్. కెనడాలోని టొరాంటో నగరంలో 1986లో జన్మించినాడు. తండ్రి అమెరికా నల్లజాతివాడు. తల్లి కెనడా దేశపు యూదు వనిత. నూనూగు మీసాల ప్రాయంలోనే టెలివిజన్ నటుడుగా పేరు పొంది, తరువాత పాటల అమ్మకంలో తన తరంలో సాటి లేనివారి వరుసలో చేరినాడు. ఒకరు పండితుల మెప్పు పొందినవారు, మరొకరు బజారును జయించినవారు. ఇటువంటి ఇద్దరు తారసపడినప్పుడు ఆ కలహం వారిద్దరితోనే ఆగదు.

ర్యాప్ అనేది రాగాలాపనతో పని లేకుండా, తాళానికి కట్టుబడి, ప్రాసల మీద నడిచే పలుకుబడి. 1973 ఆగస్టులో న్యూయార్కులోని బ్రాంక్స్ ప్రాంతంలో జరిగిన ఒక వినోద సభను దీని జన్మస్థానంగా చెప్పుకుంటారు. కాని ఇందులోని తిట్టుకు అంతకన్నా పాత వేరు కలదు. నల్లజాతి యువకులు వీధి అరుగుల మీద కూర్చుండి, ఒకరి తల్లిని ఒకరు, ఒకరి ఇంటి దారిద్ర్యాన్ని ఒకరు, చమత్కారంగా దూషించుకునే ఆట ఒకటి చిరకాలంగా ఉన్నది. దానిని డజన్స్ అంటారు. ఆ ఆటలో కోపం తెచ్చుకున్నవాడు ఓడినట్లు. చుట్టూ చేరినవారి నవ్వే తీర్పు.

ఈ ఆటను శాస్త్రదృష్టితో పరిశీలించినవాడు భాషావేత్త విలియం లబోవ్. హార్లెమ్ యువకుల సంభాషణలను ఆధారం చేసుకొని, 1972లో వెలువరించిన గ్రంథంలో ఆయన ఒక సూక్ష్మమైన భేదాన్ని గుర్తించినాడు. ఆటలోని తిట్టు అబద్ధమని తిట్టినవానికీ, పడినవానికీ, విన్నవారికీ ముందే తెలిసి ఉండవలెను. అటువంటి తిట్టుకు సమాధానం మరొక గొప్ప తిట్టు. తిట్టులో నిజమున్నదేమోనన్న శంక పుట్టిన క్షణాన అది ఆట కాకుండా పోతుంది. అప్పుడు సమాధానం తిట్టు కాదు, ‘‘నేను అట్టివాడను కాను’’ అనే నిరాకరణ. తిట్టుకు తిట్టు బదులైనంత సేపు అది విద్య. నిరాకరణ మొదలైతే అది వివాదం. ఈ ఒక్క సూత్రం చేతిలో ఉంటే ర్యాప్ కలహాల చరిత్ర యావత్తూ అర్థమవుతుంది.

తెలుగువారికి ఈ విద్య కొత్తది కాదు. వేములవాడ భీమకవి తిట్టు కథలను విననివారు అరుదు. ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో తిరుపతి వేంకట కవులకూ, కొప్పరపు కవులకూ నడచిన స్పర్ధ ఊరూరా పక్షాలను లేపినది. అయితే ఆ కలహంలో ప్రధానంగా తూకానికి వచ్చినవి ధార, ధారణ, ఆశువేగం, వ్యాకరణం. ఎంత పరుషంగా పలికినా, పరీక్ష విద్యకే జరిగినది.

ర్యాప్ కలహాలలో కూడా మొదట జరిగినది ఇట్టి పరీక్షయే. 1984లో న్యూయార్కు నగరపు క్వీన్స్‌బ్రిడ్జ్ పేటకు చెందిన పదునాలుగేళ్ల బాలిక రాక్సాన్ షాంటే, ఒక మగవారి బృందం పాడిన పాటకు ఎదురు పాట పాడి వారిని నవ్వులపాలు చేసినది. ఆ పాటకు జవాబులు, జవాబులకు జవాబులు పుంఖానుపుంఖంగా వెలువడినవి. ఎవరికీ గాయం కాలేదు. విన్నవారికి వినోదం, పాడినవారికి పేరు మిగిలినవి.

2001లో జే-జీ, నాస్ అనే ఇద్దరు ఉద్దండుల నడుమ కలహం రేగినది. పాటకు పాట హెచ్చి, చివరకు జే-జీ తన ప్రత్యర్థి బిడ్డ తల్లి ప్రస్తావన తెచ్చినాడు. అప్పుడు ఆయనను ఆపినది విమర్శకులు కారు, న్యాయవాదులు కారు, కన్నతల్లి. హద్దు మీరినావు, క్షమాపణ చెప్పమని ఆమె అడుగగా, ఆయన రేడియోలో క్షమాపణ చెప్పినాడు. 2005లో ఆ ఇద్దరూ ఒకే వేదికపై చేతులు కలిపినారు. తల్లిని తిట్టడంతో మొదలైన ఆటకు హద్దు గీసినది మరొక తల్లి కావడం గమనింపదగినది.

అన్ని కలహాలూ ఇంత శుభంగా ముగియలేదు. 1996 సెప్టెంబరులో లాస్ వేగాస్ నగరంలో తుపాకి కాల్పులకు గురియై టూపాక్ షకూర్ మరణించినాడు. 1997 మార్చిలో ఆయన ప్రత్యర్థి నొటోరియస్ బి.ఐ.జి. లాస్ ఏంజిలిస్ వీధిలో హతుడైనాడు. ఒకరికి పాతికేళ్లు, మరొకరికి ఇరవైనాలుగు. పాటలే వారిని చంపినవని చెప్పడం తొందరపాటు. ముఠాల పగలు అందులో పెనవేసుకొని ఉన్నవి. కాని పాటల వేడి ఆ పగలను చల్లార్చలేదనుట మాత్రం నిర్వివాదం.

ఈ పూర్వరంగంతో 2024 నాటి కలహాన్ని చూడవలెను. అంతకు ముందటి సంవత్సరం అక్టోబరులో డ్రేక్, జె. కోల్ కలిసి పాడిన పాటలో తామిద్దరినీ, లమార్‌నూ కలిపి ముగ్గురు అగ్రగణ్యులన్న మాట వచ్చినది. 2024 మార్చిలో లమార్ ఆ ముగ్గురి లెక్కను త్రోసిపుచ్చి, ఉన్నది తానొక్కడే అన్నాడు. అక్కడికి అది కవుల అహంకారమే, ముచ్చటైనదే. ఏప్రిల్‌లో డ్రేక్ ఎత్తు, చెప్పుల కొలత వంటి విషయాలతో ఎగతాళి చేసినాడు. తరువాతి పాటలో కృత్రిమ మేధ సహాయంతో మరణించిన టూపాక్ గొంతును పునఃసృష్టించి, దానిచేత లమార్‌ను రెచ్చగొట్టించినాడు. టూపాక్ ఆస్తిని చూచుకొనేవారు నోటీసు పంపగా ఆ పాటను ఉపసంహరించినాడు. ఇందులో విధివిలాసమేమనగా, నన్ను బాలికల విషయంలో నిందించు చూతమని ఆ కృత్రిమ కంఠం చేత సవాలు చేయించినవాడు డ్రేకే. కోరి తెచ్చుకున్న నింద కోరినదానికన్నా వెయ్యిరెట్లు బలంగా వచ్చి తగిలినది.

మే నెల మొదటి వారంలో ఆట రూపు మారిపోయినది. లమార్ తన సహచరిపై చేయి చేసుకున్నాడని డ్రేక్ పాటలో ఆరోపించినాడు. గంట గడవక ముందే లమార్ పాట వెలువడినది. అది డ్రేక్ కుమారునీ, తల్లినీ, తండ్రినీ పేరుపేరునా సంబోధిస్తూ సాగే లేఖల రూపంలో ఉన్నది. మరునాడు, మే 4వ తేదీన, ‘‘నాట్ లైక్ అస్’’ వచ్చినది. డ్రేక్‌కు బాలికల పట్ల దుర్బుద్ధి కలదని అందులోని నింద. ఒక పాశ్చాత్య స్వరశ్రేణి పేరులోనే మైనరు బాలిక అనే అర్థం స్ఫురించేటట్లు కూర్చిన శ్లేష ఆ పాటకు ప్రాణం. శ్లేష గొప్పదే, దానికి విషయమైన నింద మాత్రం ఏ న్యాయస్థానంలోనూ రుజువైనది కాదు. డ్రేక్ మరునాటి పాటలో దానిని నిరాకరించినాడు. లబోవ్ చెప్పిన ఆనవాలు ఇక్కడ స్పష్టంగా కానవస్తున్నది: నిరాకరణ వినబడినది, ఆట ముగిసినది.

ఆంబోతులు పోట్లాడుకుంటే లేగదూడల కాళ్లు విరిగినట్లని సామెత. ఇద్దరు గాయకులకూ ధనమున్నది, వేదిక ఉన్నది, జవాబు చెప్పగల నోరున్నది. వారి పాటలలోకి ఈడ్వబడిన స్త్రీలకు, పసివారికి ఏమున్నది? పాటలో తన పేరు విన్న బాలుడు ఏ పల్లవితో బదులు చెప్పగలడు? మే 7వ తేదీ తెల్లవారకముందు టొరాంటోలోని డ్రేక్ ఇంటి వద్ద తుపాకి ప్రేలినది. కాపలాదారు ఒకడు తీవ్రంగా గాయపడినాడు. లమార్ పాటకు ముఖచిత్రంగా వేసినది ఆ ఇంటి ఆకాశచిత్రమే. దాని నిండా నేరస్థుల నివాసాలను సూచించే గుర్తులు పెట్టినారు. ఈ రెండింటినీ ముడివేసి డ్రేక్ తన దావాలో వాదించినాడు.

దావా వేసినది లమార్‌పై కాదు, యూనివర్సల్ మ్యూజిక్ గ్రూప్ అనే సంస్థపై. ఇక్కడనే అసలు కీలకమున్నది. లమార్ పాటలను లోకానికి అందించేదీ ఆ సంస్థయే. డ్రేక్ పాటలను అందించేదీ ఆ సంస్థయే. ఒకే దుకాణం రెండు పక్షాలకూ కత్తులు అమ్మినది. వీధి అరుగు మీద తిట్టుకు గెలుపు నవ్వు. నేడు గెలుపు అమ్మకం. నవ్వు ఆగినప్పుడు ఆట ఆగుతుంది. అమ్మకానికి ఆగవలసిన అవసరం లేదు. సంస్థ మాత్రం, తానే రెచ్చగొట్టిన పోటీలో ఓడిపోయి డ్రేక్ కోర్టుకెక్కినాడని ఎదురు వాదించినది.

న్యాయమూర్తి వార్గస్ దావాను కొట్టివేసినారు. ఇరుపక్షాలవారూ వాడిగా దూషించుకుంటున్న పాటల పోటీలో పలికిన మాటను వివేకం గల శ్రోత వాస్తవ కథనంగా గ్రహింపడనీ, అది అభిప్రాయమూ, అతిశయోక్తియూ మాత్రమేననీ తీర్పు. డ్రేక్ దీనిపై అప్పీలుకు వెళ్లినాడు. ఇట్టి తీర్పుకు పూర్వోదాహరణం కలదు. 2003లో మిషిగన్ రాష్ట్రంలో ఎమినెమ్ అనే ర్యాప్ గాయకునిపై చిన్ననాటి సహపాఠి ఒకడు వేసిన దావాను కొట్టివేస్తూ, న్యాయమూర్తి డెబోరా సర్విటో తీర్పులో కొంత భాగాన్ని ర్యాప్ పద్యంగానే వ్రాసినారు!

చట్టదృష్టితో చూస్తే ఈ తీర్పులు సమంజసమైనవి. కవి పలికిన ప్రతి అతిశయోక్తికీ సాక్ష్యం అడిగితే ఏ భాషలోనూ అధిక్షేప కావ్యం బ్రతకదు. పైగా నల్లజాతి గాయకుల పాటలనే వారిపై నేరారోపణకు సాక్ష్యంగా ప్రయోగించిన సందర్భాలు అమెరికా న్యాయస్థానాలలో అనేకం. పాటను పాటగా చూడమని వారు చిరకాలంగా మొరపెట్టుకుంటున్నారు. ఆ మొర ఇక్కడ ఆలకింపబడినది. కాని చట్టం వివేకం గల శ్రోతను ఊహించుకొని తీర్పు చెప్పినది. 2025 ఫిబ్రవరి 2వ తేదీన ఆ పాటకు అయిదు గ్రామీ బహుమానాలు వచ్చినవి. వారం తిరగగానే, న్యూ ఆర్లియన్స్‌లో జరిగిన సూపర్ బౌల్ ఫుట్‌బాల్ పోటీ విరామంలో లమార్ దానిని పాడగా, అమెరికాలో 13 కోట్లకు పైబడిన జనం చూచినారు. ఆ వేదికపై ఆయన అన్నిటికన్నా కఠినమైన నిందాపదాన్ని విడిచిపెట్టినాడు. శ్లేష పలికే చోట మాత్రం ప్రేక్షకులే గొంతెత్తి పూరించినారు. పాడినవాడు మింగిన మాట అది కాదు. కాని పాట భావమంతా ఆ క్షణాన జనం నోట పలికినది. చట్టం ఊహించిన వివేకి ఆ కోట్లలో ఎందరి హృదయాలలో ఉన్నాడో ఏ న్యాయపీఠమూ లెక్కించజాలదు. చట్టం శిక్షింపరానిదంతా ధర్మం మెచ్చదగినది కాదు.

ఎమినెమ్ కథలోనే దీనికొక తార్కాణం ఉన్నది. పాటలలో తోటి ప్రముఖులనేకాక కన్నతల్లిని సైతం విడువక తిట్టినాడు. ఆమె 1999లో కుమారునిపై దావా వేసినది. తరువాత కొద్ది మొత్తానికి రాజీ జరిగినది. 2013లో వెలువడిన సంపుటిలో ఆయన తల్లిని క్షమాపణ వేడుతూ పాట కట్టినాడు. ఏ తీర్పూ ఆయనచేత ఆ పాట పాడించలేదు. ఈడు వచ్చి, తానూ బిడ్డల తండ్రియై పాడినాడు.

2024 కలహంలో కూడా అట్టి మనిషి ఒకడు కలడు. ఆ ముగ్గురు అగ్రగణ్యులలో మూడవవాడైన జె. కోల్ ఏప్రిల్ 5వ తేదీన లమార్‌ను ఎత్తిపొడుస్తూ పాట విడుదల చేసినాడు. రెండు దినాలు గడవగానే నార్త్ కరోలినాలో తన సొంత ఉత్సవ వేదికపై, వేలాది అభిమానుల ఎదుట, ఆ పని తన మనస్సుకు ఒప్పలేదని చెప్పి క్షమాపణ కోరినాడు. కొద్ది దినాలకే పాటను ఉపసంహరించినాడు. పిరికివాడని లోకం నవ్వినది. మే నెల గడచిన తరువాత ఆ నవ్వులలో అనేకం ఆగిపోయినవి.

తిట్టు పాట నిలువవలెను. బలవంతుని గర్వం అణచడానికి, డాంబికుని ముసుగు తీయడానికి అంతకు మించిన సాధనం లేదు. అయితే ఎదుట నిలిచి జవాబు చెప్పగలవాని మీదనే దానిని ప్రయోగించవలెను. వాని వెనుక నిలిచిన తల్లికీ బిడ్డకూ అది తగలరాదు. ఈ హద్దును చట్టం గీయలేదు, గీయకపోవడమే మేలు. పాడేవాడు గీసుకోవలెను. అతడు మరచిననాడు, గొంతు కలపకుండా ఊరకుండి శ్రోత గుర్తుచేయవలెను.