ఉచిత వేగానికి వెల ఎవరు కడతారు?

పాత కంప్యూటర్లను పారవేయక లినక్స్ వేసి వాడుకుందామనే మంచి మాట వెంటనే మరొక మాట కూడా వినవస్తుంది: "సిస్టమ్ బస్ వేగం కాస్త పెంచుకోండి. ఉచితంగా వచ్చే వేగాన్ని ఎందుకు వదులుకోవాలి?" మొదటి మాటతో నాకు పూర్తి ఏకీభావం. రెండవదానితో ఏ మాత్రమూ లేదు. ఆ వేగం ఉచితం కాదు. దాని వెలను చాలాసార్లు పెంచినవాడు కాక మరొకడు కడతాడు.

బస్ అన్నది ప్రాసెసర్ ఒక్కదాని సొత్తు కాదు. మెమరీ, గ్రాఫిక్స్ కార్డు, డిస్కు కంట్రోలరు, అన్నీ ఆ గడియారపు లయను పంచుకునేవే. మా సీమలో చెక్కభజన చూసినవారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు. గురువు తాళం పెంచితే గుంపంతా అడుగు పెంచవలసిందే. కుర్రవాళ్ళు ఎగిరి గంతులు వేస్తారు, వెనుక వరుసలోని ముసలాయన అడుగు తప్పుతాడు. ఇంటెల్ సంస్థ తన ప్రాసెసర్ల గుణకాన్ని బిగించివేసిన తరువాత, 1990ల చివరలో, వేగం పెంచదలచిన వారికి ప్రధానంగా మిగిలిన దారి ఈ ఉమ్మడి లయను పెంచడమే అయింది.

వెంటనే సెలెరాన్ 300ఎ కథ చెబుతారు. నిజమే, 1998లో వచ్చిన ఆ చిప్ గుణకం 4.5, బస్ 66 మెగాహెర్ట్‌జ్. బస్‌ను 100కు పెంచితే 300 కాస్తా 450 అయ్యేది. చాలామందికి అయింది కూడా. కాని ఎందుకు అయిందో చెప్పరు. 440బిఎక్స్ చిప్‌సెట్ 100 మెగాహెర్ట్‌జ్ బస్‌కోసమే తయారైనది. అక్కడ పిసిఐకి మూడింట ఒక వంతు, ఎజిపికి మూడింట రెండు వంతులు పంచే ఏర్పాటు ఉంది. అందువల్ల అవి యథాప్రకారం 33, 66 మెగాహెర్ట్‌జ్‌ల దగ్గరే నిలిచాయి. అదే బస్‌ను 83 దగ్గర పెడితే సగం చొప్పున పిసిఐ 41 దాటిపోయేది, డిస్కులోని ఫైళ్ళు చెడిపోయేవి. అంటే ఆ విజయం సాహసానిది కాదు, తక్కిన భాగాలను హద్దులో ఉంచిన విభాజకానిది. వారు చూపే సాక్ష్యం నా పక్షానే పలుకుతున్నది.

నాకీ విషయంలో ఇంత పట్టుదల ఎందుకంటే, 2004లో మా మేనమామ నంద్యాలలోని ఒక దుకాణంలో పాత కంప్యూటరు కొన్నారు. తెర మీద పెంటియం 3, 866 అని కనబడింది. లోపల ఉన్నది 650 చిప్. 6.5 గుణకంతో 100 బస్ మీద నడవవలసినదాన్ని 133కు ఎక్కించి, పక్కన 100కు తగిన మెమరీని అమర్చి, చెప్పకుండా అమ్మారు. ఆయన దాని మీద శ్రీశైలం ముంపు గ్రామాల జాబితా టైపు చేస్తున్నారు. 1981లో ఊళ్ళు ఖాళీ చేసిన కుటుంబాల పేర్లు, పోయిన భూముల సర్వే నంబర్లు. కొన్ని నెలల తరువాత చేతిరాత పుస్తకంతో సరిచూస్తే అంకెలు కలవలేదు. 141 ఉండవలసినచోట 541. రాత్రంతా మెమరీ పరీక్ష నడిపితే తప్పులు బయటపడ్డాయి. బస్‌ను 100కు దించితే ఒక్క తప్పూ లేదు. యంత్రం ఆ నెలల్లో ఒక్కసారి కూడా ఆగిపోలేదు. "ఆగకుండా నడుస్తోంది కదా" అనేవారికి నా సమాధానం ఇదే.

కంప్యూటర్ కోడులో 1కీ 5కీ తేడా ఒక్క బిట్. యూనికోడ్‌లో 'క'కూ 'గ'కూ తేడా కూడా ఒక్క బిట్టే. అది తారుమారైతే శ్రీశైలం "కుడి గట్టు" కాస్తా "గుడి గట్టు" అవుతుంది. రెండూ తెలుగు మాటలే. ఏ అక్షరదోష పరీక్షకూ దొరకదు. సాధారణ డెస్క్‌టాప్ మెమరీలో తప్పును పట్టే ఇసిసి ఏర్పాటు ఉండదు. మెమరీలో తప్పినదాన్ని డిస్కు నమ్మకంగా రాసిపెట్టుకుంటుంది, మనం తీసే నకళ్ళలోకీ ఎక్కుతుంది. తెలుగును యూనికోడ్‌లోకి తెచ్చామని గర్వపడే మనకు ఇది చిన్న సంగతి కాకూడదు.

"తయారీదారులు ఎలాగూ కొంత అదనపు సత్తువ దాచి ఉంచుతారు" అన్నది మరో వాదం. ఉంచుతారు. ఎందుకు ఉంచుతారు? 2009 అక్టోబరులో శ్రీశైలం ఆనకట్టకు 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చింది. రూపకల్పనలో వేసుకున్న లెక్క 19 లక్షలు. పూర్తి మట్టం 885 అడుగులైతే నీరు 896 దాటింది. ఆనకట్ట నిలిచింది. నిలిచింది కదా అని రేపటినుండి ఏటా 25 లక్షలు వదలండి అనే ఇంజనీరు ఎవరైనా ఉంటాడా? ఆ మిగులు చెడ్డరోజుకోసం. కంప్యూటరుకు చెడ్డరోజంటే 40 డిగ్రీలు దాటే నంద్యాల మే నెల మధ్యాహ్నం, దుమ్ము పట్టిన ఫ్యాను, ఎక్కితగ్గే కరెంటు. అప్పటికే బస్‌ను ఒకటిన్నర రెట్లు చేసి, వోల్టేజి పదోవంతు పెంచి ఉంటే ప్రాసెసర్ వేడి సుమారు 80 శాతం పెరిగి ఉంటుంది. డిసెంబరు రాత్రి నెగ్గిన పరీక్ష ఆ మధ్యాహ్నానికి హామీ కాదు.

పైగా పాత యంత్రం ఈడ్చుకుపోయేది సాధారణంగా మెమరీ చాలక, డిస్కు కోసం ఎదురుచూస్తూ. అలా ఎదురుచూసే ప్రాసెసర్‌కు వేగం పెంచడం నీళ్ళు లేని కాలువకు వెడల్పు పెంచడమే. ఇంకొక మెమరీ పలక కొని వేయండి, సాధ్యమైతే ఎస్‌ఎస్‌డి పెట్టండి.

ఆటలకోసం, సరదాకోసం సొంత యంత్రాన్ని ఎంత పరుగెత్తించినా నాకు అభ్యంతరం లేదు. కాని ఇతరుల రాతలు ఉండే యంత్రం మీద ఆ సరదా చెల్లదు. అమ్మేటప్పుడూ, దానమిచ్చేటప్పుడూ బస్‌ను దాని అసలు వేగానికి దించి ఇవ్వాలి. దించనివారు కనీసం చెప్పి ఇవ్వాలి. దీనిని కాదనదలచినవారు ముందు తమ యంత్రంలో ఒక రాత్రి మెమరీ పరీక్ష నడిపి, ఆ ఫలితంతో రావలసిందిగా నా మనవి.