కాగితాన్ని ఎవరిని అడగాలి?

ఊళ్ళో పొలం కొనదలచినవాడు అమ్మకందారు చూపిన దస్తావేజును మాత్రమే చూసి సొమ్ము చెల్లించడు. సబ్ రిజిస్ట్రారు కార్యాలయానికి వెళ్ళి ఈ.సి. తీయించుకొంటాడు. రేడియోధార్మిక పదార్థాల క్రయవిక్రయాలలో అమెరికాలో ఈపాటి జాగ్రత్త కూడ లోపించినదంటే పాఠకులకు ఆశ్చర్యం కలుగవచ్చు.

రహదారుల నిర్మాణంలో మట్టి సాంద్రతను, తేమను కొలిచే పరికరాలలో సీజియం-137, అమెరీషియం-241 ఉంటాయి. మన సివిల్ ఇంజనీర్లలో కొందరికి ఇవి పరిచితమైనవే. ఒక్కొక్క దానిలో ఉండేది స్వల్పం. అనేకం ఒకచోట పోగైతే మాట వేరు. 2007లో అమెరికా కాంగ్రెసుకు నివేదించే గవర్నమెంట్ అకౌంటబిలిటీ ఆఫీస్ పరిశోధకులు ఒక బూటకపు కంపెనీ పేర న్యూక్లియర్ రెగ్యులేటరీ కమిషన్‌కు దరఖాస్తు పెట్టారు. 28 రోజులలో లైసెన్సు టపాలో వచ్చింది. కంపెనీ ఉన్నదో లేదో ఎవరూ వచ్చి చూడలేదు. ఆ కాగితం మీది పరిమితిని మార్చివేసి చూపగా ఇద్దరు అమ్మకందారులు సరఫరాకు అంగీకరించారు. వేరొక రాష్ట్రంలో మాత్రం, స్థలాన్ని స్వయంగా చూస్తామని అధికారులు అనగానే పరిశోధకులు దరఖాస్తును ఉపసంహరించుకొన్నారు. ఆ నివేదికలో నాకు అన్నింటికన్న విలువైనదిగా తోచిన విషయం ఇదే.

తరువాత కమిషన్ నియమాలను బిగించింది. అయినా 2016లో మూడు ప్రయత్నాలలో ఒకటి ఫలించింది. ఒకే లైసెన్సుతో, దానిని దిద్ది, ఇద్దరి వద్ద కొనుగోలుకు అంగీకారం పొందారు. 2022లో దొంగ లైసెన్సులతోనే రెండు కంపెనీల వద్ద సరుకు కొని, అది చేరవచ్చినపుడు స్వీకరించక తిప్పి పంపారు. అత్యంత ప్రమాదకరమైన మొదటి రెండు తరగతుల విషయంలో, లైసెన్సును జారీచేసినవారి వద్ద సరిచూడాలన్న నియమం అమ్మకందారుకు ఉన్నది. మూడవ తరగతికి అప్పటికి అది లేదు.

జాప్యం, ఖర్చు పెరుగుతాయని వ్యాపారస్థులు అంటారు. ఆ మాట పూర్తిగా తోసివేయదగినది కాదు. బ్రెజిల్‌లోని గోయానియాలో 1987లో వదలివేసిన చికిత్సాయంత్రపు సీజియం చెదరి నలుగురు మరణించారు. ఆ పరిమాణం ఈ పరికరాలలోనిదానికి ఎన్నో రెట్లు, నిజమే. కాని మూడవ తరగతివాటిని పోగుచేసి రెండవ తరగతికి చేరవచ్చునని 2016 ప్రయోగమే చూపినది. కనుక ఆ తరగతికీ సరిచూసే నియమం ఉండవలసినదేనని నా అభిప్రాయం.

మన కుటుంబాలలో ఆసుపత్రులలో, నిర్మాణ సంస్థలలో ఈ బాధ్యత చూసేవారు ఉన్నారు. వారికి ఒక మనవి: మీ లైసెన్సు ప్రతిని ఎవరెవరికి పంపినారో ఒక పుస్తకంలో వ్రాసి ఉంచండి. ఎవరైనా పరికరం అడిగితే వారి కాగితంలోని ఫోను నెంబరుకు కాక, జారీచేసిన కార్యాలయానికే నేరుగా ఫోను చేయండి.